బెప్పో ఒక్కియాలీని

ఆకాశమున ఏదో ఒక మూలనుండి గామా కిరణములు హఠాత్తుగా పెల్లుబికి, కొలది క్షణములలోనే అణగిపోవుచుండును. 1967లో అమెరికా వారి వేలా ఉపగ్రహములు వీనిని మొదటిసారి పసిగట్టెను. అవి ఎంత దూరమునుండి వచ్చుచున్నవో ముప్పది సంవత్సరముల వరకు తేలలేదు. ఆ చిక్కుముడిని విప్పుటకు దారి చూపిన ఉపగ్రహము పేరు బెప్పోసాక్స్. బెప్పో యనునది ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు జుసెప్పీ ఒక్కియాలీని ముద్దుపేరు.

ఒక్కియాలీని 1907 డిసెంబరు 5న ఫోసోంబ్రోనె పట్టణమున జన్మించెను. తండ్రియు భౌతికశాస్త్రజ్ఞుడే. ఫ్లారెన్సులో విద్య ముగించి, 1931లో మూడు నెలలకని కేంబ్రిడ్జికి పోయి, మూడేండ్లు అచటనే నిలిచెను. అచట బ్లాకెట్ విశ్వకిరణముల జాడలను క్లౌడ్ చాంబరులో ఫొటో తీయుచుండెను. కిరణ మెప్పుడు వచ్చునో తెలియదు గనుక పెక్కు ఫొటోలు వట్టివిగా పోవుచుండెను. ఒక్కియాలీని ఆ పెట్టెకు పైనను క్రిందను గైగర్ గణకములను అమర్చెను. కణము రెండింటిని దాటినపుడే కెమేరా పనిచేయును. అనగా కణము తన చిత్రమును తానే తీయించుకొనును. ఈ ఉపాయముచే 1933లో గామా కిరణము ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా మారుట రుజువయ్యెను.

ఫాసిస్టు పాలన సరిపడక 1937లో ఆయన బ్రెజిలులోని సావోపాలో చేరెను. 1942లో ఆ దేశము ఇటలీపై యుద్ధము ప్రకటింపగా శత్రుదేశీయుడై, ఇటాటియాయా కొండలలో పర్వతారోహకులకు దారిచూపుచు కాలము గడపెను. యుద్ధాంతమున బ్రిస్టల్‌లో పావెల్‌తో కలిసెను. ఫొటోగ్రఫీ పలకల రసాయనపు పూతను మెరుగుపరపించి, వానిని పిరినీసు పర్వతములలోని పిక్ దు మిది శిఖరమునకు కొనిపోయెను. 1947లో ఆ పలకలపై పయాన్ అను కొత్త కణము కనబడెను.

1948లో బ్లాకెట్‌కు, 1950లో పావెల్‌కు నోబెల్ బహుమానములు వచ్చెను. రెండు పరిశోధనలందును చేయి కలిపిన ఒక్కియాలీనికి రాలేదు. ఆయన పని మానలేదు. మిలన్‌లో శిష్యులను తయారుచేసి, ఐరోపా అంతరిక్ష పరిశోధనకు పునాదులు వేసినవారిలో ఒకడయ్యెను. 1975లో ఎగసిన కాస్-బి ఉపగ్రహము గామా కిరణములను పట్టుకొన్నది, అవి కణముల జంటగా మారు ధర్మమును ఆధారము చేసికొనియే. 1979లో ఆయనకు వుల్ఫ్ బహుమానము లభించెను. 1993 డిసెంబరు 30న పారిస్‌లో కన్నుమూసెను.

1996 ఏప్రిల్ 30న ఇటలీ, హాలండు దేశముల ఉపగ్రహము ఎగసిన పిమ్మట దానికి ఆయన పేరు పెట్టిరి. 1997 ఫిబ్రవరి 28న అది ఒక గామా విస్ఫోటనమును గుర్తించెను. శాస్త్రజ్ఞులు దాని స్థానమును గణించి, సుమారు ఎనిమిది గంటలలో ఉపగ్రహమును అటు త్రిప్పగా, ఆరిపోవుచున్న ఎక్స్-కిరణముల వెలుగు కానవచ్చెను. లా పాల్మా ద్వీపమునందలి దూరదర్శిని ఫొటోలను మార్చి నెలలో తీసినవానితో పోల్చిచూడగా, మొదట నున్న వెలుగుచుక్క తరువాత మాయమైయుండెను. మే 8 నాటి మరియొక విస్ఫోటనపు కాంతిని హవాయిలోని కెక్ దూరదర్శినితో విశ్లేషింపగా, అది శతకోట్ల సంవత్సరములు ప్రయాణించి వచ్చినదని తేలెను. అది మన పాలపుంతకు చాల వెలుపలిది.

ఆ ఉపగ్రహము 2003 ఏప్రిల్ 29న పసిఫిక్ సముద్రమున కూలెను. నోబెల్ పట్టికలో ఒక్కియాలీని పేరు వెదకినను కానరాదు. కాని గామా విస్ఫోటనముల కథ చెప్పువా రెవ్వరును బెప్పో యను ఆ రెండక్షరములను ఉచ్చరింపక ముందునకు సాగజాలరు.