గుండెకు శక్తి ఎక్కడిదో చూపిన భీమవరం బిడ్డ

రెండేళ్ల క్రితం మా నాన్నకు గుండెపోటు వచ్చింది. ప్రాణం దక్కింది. నెయ్యి, మాంసంలో కొవ్వు తగ్గించమని డాక్టరు గారు చెప్పారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కడినే కాబట్టి, ఎందుకు తగ్గించాలని అమ్మ నన్నే అడిగింది. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతూ కూడా వెంటనే చెప్పలేకపోయాను. పుస్తకాలు తిరగేస్తుంటే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు ఎదురయ్యారు.

ఆయన 1895 జనవరి 12న మన పాలకొల్లుకు దగ్గర్లోని భీమవరంలో పుట్టారు. పేద కుటుంబం. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌను తొడుక్కున్నారు. ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, దానికన్నా చిన్నదైన ఎల్.ఎం.ఎస్. తోనే సరిపెట్టుకున్నారు. మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ సాయంతో అమెరికా చేరారు. బోస్టన్‌లో ఒక ఆసుపత్రిలో రాత్రి పనివాడిగా చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు.

అక్కడ ఫిస్కే గారితో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరంలో కనుగొన్నారు. కండరం కదలడానికి శక్తినిచ్చేది ఏటీపీ. గుండె కూడా కండరమే. దానిలో ఏటీపీ నిల్వ కొద్ది క్షణాలకే సరిపోతుంది, ఎప్పటికప్పుడు తయారవుతూ ఉండాలి. అందుకు రక్తం ప్రాణవాయువును మోసుకు రావాలి. ఆ దారి మూసుకుపోతే వచ్చేదే గుండెపోటు.

విచిత్రమేమిటంటే, గుండె తన శక్తిలో సగానికి పైగా కొవ్వును మండించే సంపాదిస్తుంది. కనుక కొవ్వు మనకు శత్రువు కాదు. కానీ నెయ్యి, వెన్న, వేటమాంసం కొవ్వులో ఎక్కువగా ఉండే సంతృప్త కొవ్వు మితిమీరితే రక్తంలో చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. అది రక్తనాళాల గోడల్లో పేరుకుని దారిని ఇరుకు చేస్తుంది.

1940లో సుబ్బారావు గారు లెడర్లీ కంపెనీలో చేరారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, మన డెల్టాను పీడించిన బోదకాలుకు హెట్రజాన్ మందు, పిల్లల రక్త క్యాన్సర్‌పై వాడిన అమినాప్టెరిన్, ఇవన్నీ ఆయన బృందం కృషే. అయినా నోబెల్ రాలేదు. ఆయన ఇంటికి తిరిగి రానూ లేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. గుండెకు శక్తి ఎక్కడిదో చూపిన ఆ మనిషి 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, గుండె ఆగి కన్నుమూశారు. అదే ఏడాది బోస్టన్ దగ్గరి ఫ్రామింగ్‌హామ్‌లో 5,209 మందితో గుండె జబ్బుల అధ్యయనం మొదలైంది. కొలెస్ట్రాల్, రక్తపోటు, పొగ గుండెకు చేటని లోకానికి గట్టిగా తెలిసింది దాని వల్లే. అది వినడానికి ఆయన లేరు.

ఇప్పుడు అమ్మకు చెప్పగలుగుతున్నాను. నెయ్యి చెంచాతో సరిపెట్టు, కోడి తోలు తీసెయ్యి, కాగిన నూనె మళ్లీ మళ్లీ కాచకు, చేపల పులుసు మానొద్దు అని. నాన్న బీడీ మానేశారు.

సోదర విద్యార్థులారా! మూడోసారికి మెట్రిక్ పాసైన మనిషి కథ ఇది. ఒకసారి తప్పామని పెట్టె సర్దుకోకండి. చదివింది ముందు మీ ఇంట్లో వాళ్లకు చెప్పండి. సెలవులకు తప్పకుండా ఇంటికి వెళ్లండి.

– పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ