చెయ్యి తిరిగిన చిత్రకారుడు దామెర్ల రామారావు

రాజమండ్రి గోదావరి గట్టుమీది చిత్రకళా మందిరం దామెర్ల రామారావు పేరిట వెలసింది. అందులోని బొమ్మలు చూసినవారు వాటిని వేసిన మనిషి నిండా నూరేళ్లూ కృషి చేసి ఉంటాడనుకుంటారు. నిజానికి ఆయన 28 ఏళ్లయినా నిండకుండానే కన్నుమూశారు. ముంబయిలో చదువు ముగించుకుని వచ్చాక ఆయనకు మిగిలింది అయిదేళ్ల లోపే. అంత తక్కువ కాలంలో అంత పని ఎలా సాధ్యమైందో తెలుసుకోవాలంటే గోడలకు వేలాడే పెద్ద చిత్రాలు చూస్తే చాలదు. ఆయన నింపిన పెన్సిలు బొమ్మల పుస్తకాల సంగతి తెలుసుకోవాలి.

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో జన్మించారు. ఆ రోజుల్లో రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా ఉండేవారు. ఆయన స్వయంగా చిత్రకారుడు. కుర్రవాళ్లలో కళ కనిపిస్తే విడిచిపెట్టే మనిషి కాదు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు వంటివారు ఆయన చేరదీసినవారే. రామారావు వేస్తున్న బొమ్మలు కూడా ఆయన కంటబడ్డాయి. మన నేలను, మన మనుషులను, అజంతా వంటి మన పాత కళను కళ్లు పెట్టి చూడాలని కూల్డ్రే నేర్పారు. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు 1916లో ముంబయి వెళ్లి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు.

దిద్దుడుకు మించిన గురువు లేడు

చిన్నపిల్లలు పలక మీద అక్షరాలు దిద్దినట్లే ముంబయి బడిలో బొమ్మలు దిద్దించేవారు. ముందు ప్లాస్టరుతో పోసిన విగ్రహాలను చూసి గీయాలి. ఆ తర్వాత కూర్చున్న మనిషిని, నిలబడిన మనిషిని ఎదురుగా చూసి గీయాలి. మోచెయ్యి మడిస్తే కండ ఎటు కదులుతుంది, బరువు ఒక కాలి మీద మోపితే నడుము ఎటు వంగుతుంది అన్నవి చూసి చూసి, గీసి గీసి తెలుసుకోవలసిన సంగతులు. పుస్తకం చదివితే రావు. ఒకసారి గీస్తే నిలవవు. రామారావు 1920లో అక్కడ చదువు ముగించారు. తోటి చిత్రకారుడు, గుజరాతుకు చెందిన రవిశంకర్ రావళ్ స్నేహంతో కాఠియావాడ్ ప్రాంతం చూశారు. అక్కడి పాలు అమ్మే స్త్రీలు కూడా ఆయన చిత్రాలలోకి ఎక్కారు.

బడి విడిచినా దిద్దుడు విడిచిపెట్టలేదు. ఆయన వదిలివెళ్లిన పెన్సిలు బొమ్మల పుస్తకాలు పాతికకు పైనే. తైలవర్ణ చిత్రాలు ముప్పై పైచిలుకు, నీటిరంగుల చిత్రాలు నూటికి పైగా ఉన్నాయి. ఇంత రాశి ఏనాడో ఒకనాడు మనసు పుట్టినప్పుడు కూర్చుంటే వచ్చేది కాదు.

నీటిరంగుల పని తెలిసినవారికి ఇందులోని కష్టం అర్థమవుతుంది. రంగు కాగితంలోకి ఇంకిపోయాక తుడిచి దిద్దుకోవడం చాలా కష్టం. కుంచె మోపేటప్పటికే గీత ఎటు పోవాలో చేతికి తెలిసి ఉండాలి. కూలి మడిలో నాట్లు వేసే మనిషి కొలత బద్ద లేకుండానే ఎడం పాటించినట్లు, ఆ ఒడుపు చెయ్యి తిరిగితేనే వస్తుంది. రామారావు చిత్రాలలో స్త్రీల మెడ వంపు, చీర కుచ్చిళ్లు తడబాటు లేకుండా సాగడానికి కారణం అదే.

ఆయన బొమ్మలకు వస్తువు కోసం ఎక్కడికో వెతుక్కుంటూ పోలేదు. పూలు ముడిచే స్త్రీలు, కార్తీక పౌర్ణమి, నంది పూజ, కొండల నడుమ గోదావరి ఆయన చిత్రాలయ్యాయి. అప్పట్లో దేశమంతా వంగ దేశపు చిత్రకారుల పద్ధతి పేరు మోగుతుండేది. రామారావు ఆ పద్ధతినీ, ముంబయిలో నేర్చిన పాశ్చాత్య పద్ధతినీ ఉన్నవి ఉన్నట్లు ఎత్తుకోలేదు. రెండూ చూసి, తెలుగు రూపురేఖలకు తగిన గీత తాను సాధించుకున్నారు.

ఇల్లే బడి

నేర్చిన విద్య తనతో ఆగిపోకూడదని ఆయన తలచారు. భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ ఆయన ప్రోత్సాహంతో కుంచె పట్టి చిత్రకారిణులయ్యారు. ఆడవాళ్లు బడికి వెళ్లడమే అరుదైన రోజులవి. రాజమండ్రిలో భారతీయ కళల సంఘం పెట్టి యువకులకు చిత్రకళ నేర్పారు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆయనకు కుడిభుజంగా నిలిచారు.

పేరు కూడా త్వరగానే వచ్చింది. ఋష్యశృంగుని కథ మీద వేసిన చిత్రానికి 1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి లభించింది. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనకు ఆయన చిత్రాలు వెళ్లాయి.

అంతలోనే మశూచి సోకింది. 1925 ఫిబ్రవరి 6న రామారావు కన్నుమూశారు. ఎన్నో పల్లెలను గుల్ల చేసిన ఆ రోగం భూమి మీద లేకుండా పోయిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అప్పటికి ఆయన పోయి 55 ఏళ్లు.

మనిషి పోయినా పని చెదిరిపోలేదు. ఇంటివారు చిత్రాలు అమ్ముకోకుండా కాపాడారు. వెంకటరత్నం మిత్రుని పేరు నిలిపేందుకు జీవితాంతం పాటుపడ్డారు. పిల్లలకు బొమ్మలు నేర్పడం మానలేదు. తరువాత ప్రభుత్వం ఆ బాధ్యత స్వీకరించింది. మందిరంతోపాటు చిత్రకళా పాఠశాల కూడా నిలిచింది.

మన ఊళ్లలో ముగ్గు చెయ్యి తిరిగిన ఇల్లాళ్లున్నారు. గోడ మీద బొగ్గుతో ఎద్దును అచ్చుగుద్దినట్లు దించే కుర్రవాళ్లున్నారు. ఖరీదయిన రంగులు లేవని, పట్నం పోలేదని వారిలో చాలామంది అక్కడితో ఆపేస్తున్నారు. రామారావు పుస్తకాలలో ఖరీదైన సరుకేమీ లేదు. కాగితం, పెన్సిలు, కళ్లెదుట కనిపించిన మనుషులు. ఆ పుస్తకాలు ఒకటి తర్వాత ఒకటి నింపుకుంటూ పోవడమే ఆయన చేసిన పని. 27 ఏళ్ల బతుకులో ఆయన కూడబెట్టిన ఆస్తి కూడా అదే.