తెరేసమ్మ తండ్రి

పునీత చిన్న తెరేసమ్మను మీరెరుగుదురు. ఆమె తండ్రి లూయీ మార్టిన్‌ గారిని ఎరుగుదురా?

ఫ్రాన్సు దేశంలోని అలాన్సోన్ పట్టణంలో ఆయన గడియారాల కొట్టు నడిపారు. 1877 ఆగస్టు 28న భార్య జెలీ రొమ్ము క్యాన్సరుతో కన్నుమూశారు. మిగిలింది ఐదుగురు ఆడపిల్లలు. కడగొట్టు బిడ్డ తెరేసాకు నాలుగేళ్లు. అంతవరకు గలగలలాడిన పిల్ల ముడుచుకుపోయింది. ఎవరైనా తేరిపార చూస్తే చాలు, ఏడ్చేసేది.

లూయీ గారు పిల్లల మేనమామ ఉన్న లిసియు పట్టణానికి కాపురం మార్చారు. రోజూ మధ్యాహ్నం తెరేసాను షికారుకు తీసుకెళ్లి, దారిలో ఏదో ఒక గుడిలో దివ్యసత్ప్రసాదాన్ని సందర్శించేవారు. మన ఏటూరునాగారం దగ్గర గోదావరి ఒడ్డున గాలం వేసి కూర్చునే తండ్రుల్లాగే ఆయనా చేపలకు వెళ్లేవారు. బిడ్డ గడ్డిమీద మౌనంగా కూర్చునేది. మాటలు లేకున్నా తండ్రి దగ్గరే ఉన్నారు.

గాయం త్వరగా మానలేదు. తల్లిలా చూసుకున్న అక్క పోలీను 1882లో కర్మెలు మఠంలో చేరింది. మరుసటి ఏడు తెరేసా తీవ్రంగా జబ్బుపడింది. తండ్రి ప్యారిస్‌లోని విజయమాత దేవాలయంలో పూజలు చేయించారు. జబ్బు తగ్గినా, ఆ కన్నీటి స్వభావం పోయింది 1886 క్రిస్మసు రాత్రే. తొమ్మిదేళ్లు!

1887లో తానూ మఠంలో చేరతానని ఆమె ఏడుస్తూ తండ్రికి చెప్పుకుంది. ఆయనా కన్నీరు పెట్టుకొని, చివరకు ఒప్పుకున్నారు. 2015లో శ్రీసభ ఆ దంపతులను పునీతులుగా ప్రకటించింది.

అయినవారిని పోగొట్టుకొని మూలకు చేరిన బిడ్డ మీ ఇంట ఉందా? మాట కోసం తొందరపెట్టకండి. రోజూ కాసేపు పక్కన కూర్చోండి. రేపు కూడా కూర్చోండి.