జేమ్స్ నెయిస్మిత్ దొర

బాస్కెట్ బాల్ ఆడు బాలురకు గీటు దాటిన బంతిని లోనికి విసరుట నిత్యకృత్యము. విసరువానికి అయిదు సెకండ్లే గడువేల? ఆ యైదు సెకండ్లలో వాని నెవ్వరును ఏల యడ్డగింపరాదు? ఈ చిన్న నియమము వెనుక నొక సత్పురుషుని జీవితము గలదు. దానిని సంగ్రహముగా జెప్పబూనితిమి.

నెయిస్మిత్ 1861 నవంబరు 6వ తేదీన కెనడా దేశమున ఆల్మాంట్ అను నూరి చెంత జన్మించెను. తొమ్మిదవ యేటనే తలిదండ్రు లిరువురును టైఫాయిడు జ్వరముచే మృతినొందగా మేనమామ యాతనిని బెంచెను. నడుమ బడి మాని అడవులలో చెట్లు గొట్టి జీవించెను. పిదప మరల చదువ బూని, 1888లో మాంట్రియల్ నగరపు మెగ్గిల్ విశ్వవిద్యాలయమున పట్టము బొందెను. అటుపిమ్మట క్రైస్తవ బోధకుడగుటకై చదివెను గాని, సన్నడతను ప్రసంగపీఠమునుండియే గాక ఆటస్థలమునందును నేర్పవచ్చునని నమ్మి, 1890లో అమెరికాయందలి స్ప్రింగ్‌ఫీల్డు వై. ఎం. సి. ఎ. శిక్షణశాలకు బోయెను.

1891 శీతకాలమున ఆ శాలలోని పదునెనిమిదిమంది విద్యార్థులు ఇంటిలోపలి కసరత్తులతో విసిగి యుండిరి. పై యధికారి యగు గ్యూలిక్ దొర, పదునాలుగు దినములలో నొక క్రొత్త యాటను గల్పింపుమని నెయిస్మిత్ నాజ్ఞాపించెను. బంతితో పరుగెత్తువానిని బడద్రోయుటయే మొరటుతనమునకు మూలమని యాతడు కనిపెట్టి, బంతితో పరుగెత్తుటనే నిషేధించెను. పది అడుగుల యెత్తున రెండు పండ్లబుట్టలు గట్టించి, పదుమూడు నియమములు వ్రాసెను. బలము గాక నేర్పు గెలువవలెనని యాతని సంకల్పము.

వానిలో తొమ్మిదవది గీటు దాటిన బంతిని గూర్చినది. వెలుపల దానిని మొదట ముట్టినవాడే లోనికి విసరవలెను. అయిదు సెకండ్లవరకు వాని నెవ్వరును బాధింపరాదు. గడువు మీరిన బంతి యెదిరిపక్షమునకు జెందును. అంపైరు మనుష్యులను, రిఫరీ బంతిని కనిపెట్టవలెను. విసరువానికి రక్షణ దొరకెను గాని, విసరు హక్కుకొరకే పోరాటము మొదలయ్యెను. బంతి వసారాపై బడినప్పుడు ఆటగాండ్రు ఒకరినొకరు త్రోసికొనుచు మెట్లెక్కి పరుగెత్తిరి. మాన్పదలచిన మొరటుతనమే గీటు వెలుపల దలయెత్తెను. అందుచే 1913లో ఆ నియమము మార్చబడెను. లోపల బంతిని గడపట ముట్టిన పక్షమునకు గాక, ఎదిరిపక్షమునకే అది యియ్యబడెను. నాటినుండి తీర్పు కాళ్లవేగమున గాక రిఫరీ కంటియందు నిలిచెను.

నేటి పద్ధతి యిట్టిది. బుట్టలో బంతి పడినపిమ్మట, ఓడిన గోలు వెనుకనున్న చివరి గీటునుండి ఆ పక్షమువారే విసరుదురు. వారు గీటు వెంబడి అటునిటు కదలవచ్చును. గీటు వెలుపలనున్న తమవానికి బంతి నందింపనువచ్చును. ఇతర సందర్భములలో రిఫరీ చూపిన చోటనే నిలువవలెను. అతడే బంతిని చేతికిచ్చును. రెండు విధములను రిఫరీ చేయి యాడించుచు అయిదు లెక్కించును. విసరకమునుపు ఎదిరివాని చేయి గీటు దాటరాదు. చుట్టును కేకలు వినబడినను ఆ లెక్క త్వరపడదు, జాగుసేయదు.

నెయిస్మిత్ 1898లో వైద్యపట్టము నొంది, కాన్సాస్ విశ్వవిద్యాలయమున జేరి, అచ్చటనే దీర్ఘకాలము బోధించెను. ఆటను గల్పించినవాడయ్యు, అచ్చట తాను నేర్పిన జట్టు 55 పందెములు గెలిచి 60 ఓడెను. 1936లో బెర్లిను ఒలింపిక్ క్రీడలలో తన యాట చేరుటను గన్నులార గాంచి, 1939 నవంబరు 28వ తేదీన పరమపదించెను. 1920లో మదరాసున వై. ఎం. సి. ఎ. వ్యాయామ కళాశాలను స్థాపించిన బక్ దొరయు స్ప్రింగ్‌ఫీల్డున చదివినవాడే.

బాలురారా, గీటు వెలుపల బంతి పట్టి నిలిచినవాడు మీకంటె బలహీనుడు కావచ్చును. ఆ యైదు సెకండ్లు వానివి. బంతిని గడపట ముట్టినది మీరైనచో, రిఫరీ చూడకున్నను మీ చేయి యెరుగును. ఆ సత్యమును బాటించువాడే ఈ యాటను నిజముగ నేర్చినవాడని మా తలంపు.