వెయ్యి ఉరుల మర్రి: రాంజీ గోండు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ హాస్టళ్లలో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! 1857 అనగానే మనకు ముందు మీరట్, ఢిల్లీ, ఝాన్సీ గుర్తొస్తాయి. నిర్మల్ కూడా గుర్తుకు రావాలి.

ఢిల్లీ తిరిగి ఆంగ్లేయుల చేతికి పోయాక కూడా ఆదిలాబాద్ అడవుల్లో తిరుగుబాటు ఆరలేదు. గోండు వీరుడు రాంజీ గోండు రోహిల్లాలను కలుపుకొని నిర్మల్ ప్రాంతంలో ఆంగ్లేయులపైన, వారికి అండగా నిలిచిన నిజాం సేనలపైన పోరాడారు. గోండులు, రోహిల్లాలు ఒక్కటై నిలబడటమే ఆయన బలం.

చివరకు పట్టుబడ్డారు. ఆయనను, వెంట నడిచినవారిని నిర్మల్‌లో ఊడల మర్రికి ఉరితీశారు. 1860 ఏప్రిల్ 9ని ఆయన వర్ధంతిగా జరుపుకుంటున్నాం. ఉరికంబం ఎక్కినవారు వెయ్యిమంది అని జనం చెప్పుకుంటారు. అందుకే అది వెయ్యి ఉరుల మర్రి అయింది. వాదించే వకీలు లేడు, అప్పీలు లేదు. చూసినవాళ్లు మళ్లీ తలెత్తకూడదని అందరి కళ్లముందే ఉరి వేశారు.

ఆ భయం నిలవలేదు. అదే ఆదిలాబాద్ గడ్డపై కొమురం భీం లేచారు, 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చారు.

మర్రికి వేలాడినవారిలో చాలామంది పేర్లు ఏ పుస్తకంలోనూ కనిపించవు. సెలవులకు ఊరెళ్లినప్పుడు పెద్దలను అడగండి. విన్న ప్రతి పేరూ, ప్రతి కథా రాసి దాచండి.

జై సేవా!