సురవరము ప్రతాపరెడ్డిగారు: సభలో మాట, దినములో పని, తీరికలో సాధన

మన సంఘ వార్షిక మహాసభలు జరుగునప్పుడెల్ల వేదికపై అనేకోపన్యాసములు వినుచుందుము. మెడలోని పుష్పమాలికలు వాడకమునుపే వానిలో పెక్కింటిని మఱచిపోవుచుందుము. ఇది శ్రోతల లోపము మాత్రమే కాదు. వెనుక పని లేని మాట ఎంత మధురమైనను నిలువదు. నిలిచిన మాట ఎట్టిదో తెలిసికొనుటకు మన ప్రాంతమునందే ఒక గొప్ప నిదర్శనము గలదు. సురవరము ప్రతాపరెడ్డిగారి జీవితమును ఈ సంచికలో పాఠక మహాశయుల ముందుంచుటకు కారణమిదియే. వారు మహాపండితులనియు, పత్రికా సంపాదకులనియు అందఱు నెఱుగుదురు. అయితే వారు సభలో మాటాడు నధికారము నెట్లు సంపాదించిరో, దినములను ఎట్లు వెచ్చించిరో, తీరికవేళను ఎట్లు ఫలింపజేసిరో మనము తగినంతగా విచారింపలేదు.

ప్రతాపరెడ్డిగారు 1896 సంవత్సరము మే 28వ తేదీన ఇటిక్యాలపాడు గ్రామమున జన్మించిరి. వారి స్వగ్రామము బోరవెల్లి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ సీమను మనవారు నడిగడ్డ యందురు. ఈ సీమ 1956 పిమ్మట మహబూబునగరము జిల్లాలో చేరి, 2016 నుండి జోగులాంబ గద్వాల జిల్లాలో నున్నది. తుంగభద్ర దాటినచో కర్నూలు. ప్రతాపరెడ్డిగారి బాల్య విద్యాభ్యాసము అచ్చటనే జరిగినది. తరువాత హైదరాబాదు నిజాము కళాశాలలోను, పిదప చెన్నపట్టణమునను చదివి బి.ఏ., బి.ఎల్. పట్టములు పొందిరి. చెన్నపట్టణమున నున్నప్పుడు వేదము వేంకటరాయశాస్త్రిగారి సన్నిధిని సంస్కృతాంధ్రములు సాధించిరి. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, ఫారసీ, ఇంగ్లీషు భాషలు వారికి స్వాధీనములై యుండెను. న్యాయవాదిగా నిలిచినచో ధనార్జనకు కొదువ యుండెడిది కాదు. కాని వారు ఆ వృత్తిలో ఎక్కువకాలము నిలువలేదు.

వారు పనికి పూనుకొన్న కాలము ఎట్టిదో ఒకింత చెప్పవలసియున్నది. నిజాము రాజ్యమున జనసంఖ్యలో తెలుగువారే హెచ్చుగా నుండిరి. అయినను కచ్చేరీలలోను, పెద్ద పాఠశాలలలోను ఉర్దూయే చెల్లుబడి యగుచుండెను. 1921వ సంవత్సరము నవంబరు నెలలో హైదరాబాదు వివేకవర్ధినీ భవనమున కర్వే పండితుని అధ్యక్షతను ఒక సంఘసంస్కార సభ జరిగెను. అందు ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడ నారంభింపగా, సభలో కొందఱు కేకలు వేసి, చప్పట్లు చఱచి ఆయనను మాటాడనీయరైరి. తన దేశమున తన భాషలో పలుకుటకే నోరు లేకపోయినది. ఆ రాత్రియే కొందఱు తెలుగు పెద్దలు చేరి ఆంధ్రజన సంఘమును స్థాపించిరి. తెలంగాణమున ఆంధ్రోద్యమమునకు ఇది యంకురము. సభలో మాటాడుట యనునది నేడు మనకు వేడుక. ఆనాడది మానరక్షణ.

అట్టి దినములలో ప్రతాపరెడ్డిగారు హైదరాబాదు రెడ్డి వసతిగృహమునకు కార్యదర్శి యైరి. ఈ గృహము 1918లో ఏర్పడినది. దీనికి మూలస్తంభముగా నుండినవారు వనపర్తి ప్రాంతమువారై, 1920లో హైదరాబాదు నగర కొత్వాలుగా నియమితులైన రాజబహదూరు వేంకటరామారెడ్డిగారు. పల్లెలనుండి పట్టణమునకు చదువవచ్చిన మన బాలురకు అన్నమును, ఆశ్రయమును ఇచ్చుటయే గృహస్థాపకుల మొదటి యుద్దేశము. ప్రతాపరెడ్డిగారు ఇంతటితో తృప్తి పడలేదు. కడుపు నిండినంత మాత్రమున మనుష్యుడు కాడని తలంచి, అచ్చటి గ్రంథాలయమును పెంపొందించి, విద్యార్థులకు తెలుగు చదువునందును, రచనయందును ఆసక్తి పుట్టించిరి. ఒక కులమువారి కొఱకు కట్టిన యిల్లు ఈ విధముగా యావద్దేశమునకు పనికివచ్చు యువకులను తీర్చు పాఠశాల యైనది. కులసంఘముల ప్రయోజనమేమని యడుగువారికి మేము చూపగల యుత్తమ సమాధాన మిదియే. ఆ ప్రయోజనము గృహపు గోడలు దాటినప్పుడే సార్థకమని కూడ మనము గ్రహింపవలెను.

1926వ సంవత్సరము మే 10వ తేదీన గోలకొండ పత్రిక వెలువడెను. వారమునకు రెండుమారులు వచ్చు ఈ పత్రికను నడపుట సామాన్యమైన పని కాదు. అంతకు మునుపే, 1922లో, నల్లగొండ నుండి శబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు నీలగిరి పత్రికను, ఇనుగుర్తి నుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను వెలువరించి త్రోవ చూపియుండిరి. కాని చదువరులు తక్కువ, చందాలు తక్కువ, సర్కారు దృష్టి యెక్కువ. ప్రతాపరెడ్డిగారు సంపాదకులే కాక, వ్రాయసకాడును, అచ్చు చిత్తులు దిద్దువాడును తామే యైరి. వ్యాసములు చాలనప్పుడు మారుపేర్లు పెట్టి తామే వ్రాసిరి. సంపాదకీయము నుండి కథ వఱకు, పుస్తక విమర్శ నుండి హాస్యము వఱకు వారి కలము నడచినది. వారమునకు రెండుమారులు గడువు తప్పక వచ్చి నిలుచును. మనసు బాగుగా లేదనిన గడువు వినదు. దినదినమును పని చేయు నలవాటు వారికి ఈ పత్రికవలననే దృఢపడెనని మా యభిప్రాయము. తీరిక చిక్కిన పిదప వ్రాయుదమని కూర్చుండు మనవంటివారు ఇచ్చట ఒక్క క్షణమాగి యోచింపవలెను.

ఈ పనిలోనుండియే మఱియొక మహాకార్యము పుట్టెను. తెలంగాణమున కవులు పూజ్యమని ఒక పండితుడు వ్రాసెను. ఈ నింద మనవారి హృదయములను గాయపఱచినది. వేఱొకరైనచో వేదికలెక్కి కోపముతో బదులు చెప్పియుందురు. ప్రతాపరెడ్డిగారు కోపమును పనిగా మార్చిరి. ఊరూరనుండి కవుల వివరములను, పద్యములను తెప్పించి, 354 కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను 1934లో ప్రకటించిరి. వాదము ముగిసెను. ఒక్క పరుషవాక్యము అక్కఱ లేకుండ, లెక్క చూపి గెలిచిన వాదమది. ఈ కవులందఱు ఒక కులమువారు కారు, ఒక జిల్లావారును కారు. అందఱిని ఒక్క పందిటి క్రింద చేర్చినందువలననే ఆ గ్రంథమునకు ఆ బలము వచ్చినది.

ఇక సభావిషయము. ఆ రోజులలో నిజాము రాజ్యమున సభ జరుపవలెనన్న ముందుగా సర్కారు అనుమతి పొందవలసి యుండెను. గస్తీ నిశాన్ 53 అను నుత్తరువు ఇందుకు ప్రసిద్ధము. పుస్తకాలయ వార్షికోత్సవమునకు సైతము అనుమతి చీటికై కచ్చేరీల చుట్టు తిరుగవలసి వచ్చెడిది. ఇట్టి స్థితిలో 1930వ సంవత్సరము మార్చి మాసమున మెదకు జిల్లా జోగిపేటలో ప్రథమ నిజామాంధ్ర మహాసభ జరిగినది. దానికి అధ్యక్షులు ప్రతాపరెడ్డిగారే. తొమ్మిదేండ్లకు పూర్వము తెలుగు మాట వినబడనీయని రాజ్యమున, ఇప్పుడు వేలకొలది తెలుగువారి యెదుట తెలుగుననే సభ నడచెను. జోగిపేటలోనే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను స్త్రీల సభయు జరిగెను. అధ్యక్షపీఠము ప్రతాపరెడ్డిగారికి బిరుదులనుబట్టి గాని ధనమునుబట్టి గాని వచ్చినది కాదు. అప్పటికి నాలుగేండ్లుగా వారమునకు రెండుమారులు ప్రజల కష్టసుఖములను వ్రాసిన చేతికే ఆనాడు సభను నడపు నధికారము దక్కినది.

ఆ జోగిపేట దీపము మన జిల్లాలకును వచ్చినది. రెండవ మహాసభ 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతను, అయిదవది 1936లో నాటి మహబూబునగరము జిల్లాలోని షాద్‌నగరమున కొండా వేంకటరంగారెడ్డిగారి అధ్యక్షతను జరిగెను. 1941లో చిలుకూరునను, 1944లో భువనగిరియందును రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులైరి. వెట్టిచాకిరి, మాతృభాషలో విద్య, గ్రంథాలయములు, రైతుల యిక్కట్లు అను విషయములు ఈ సభలలో నలిగినవి. సభలో నోరు విప్పుట నేర్చిన పల్లెవాడు కొలది కాలములోనే దొర యెదుట తలయెత్తుటయు నేర్చెను. ఉపన్యాసకళ యొక్క నిజమైన ఫలము ఇదిగదా!

ఇన్ని పనుల నడుమ తీరిక యెక్కడిదని పాఠకులు సందేహింపవచ్చును. పనిలేనివానికే తీరిక దొరకదనియు, పనిగలవాడు దానిని కల్పించుకొననేర్చుననియు ప్రతాపరెడ్డిగారి జీవితము చెప్పుచున్నది. వారు నాటకములు వ్రాసిరి, మొగలాయి కథలు వ్రాసిరి, హిందువుల పండుగలను గూర్చి గ్రంథము రచించిరి. వీనికన్న నెక్కువగా వారి మనస్సునకు ప్రీతియైన వ్యాపకము పాతకావ్యములను క్రొత్తకన్నుతో చదువుట. ఇతరులు అలంకారములు వెదకిన చోట, వారు మన తాతముత్తాతల వంటయిల్లు, వస్త్రము, నగ, ఆట, సంత, పండుగ, మూఢనమ్మకము ఏవని వెదకిరి. పాల్కురికి సోమనాథుని గ్రంథములు, క్రీడాభిరామము, సింహాసన ద్వాత్రింశిక, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి మొదలగు వానినుండి ఒక్కొక్క మాటను ఏఱి కూర్చిరి. నిఘంటువులకెక్కని పల్లెమాటల అర్థములను ఎఱిగినవారిని అడిగి తెలిసికొనిరి. ఇట్లు గింజగింజగా చేర్చిన రాశియే 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రము. రాజుల యుద్ధములే చరిత్రయని నమ్మిన లోకమునకు, సామాన్య జనుల తిండియు, కట్టును, ఆటపాటలును కూడ చరిత్రయే యని ఈ గ్రంథము ఎఱుక పఱచినది. కోలాటమాడు పిల్లవాడును, నేతగాడును, సంతలో బేరమాడు స్త్రీయు అందు స్థానము పొందిరి.

1952 ఎన్నికలలో వారు వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. ఆ పదవిలో ఎక్కువకాలము నిలుచు భాగ్యము మనకు లేకపోయినది. 1953వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన వారు పరమపదించిరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీ తన పురస్కారములు మొదటిసారి ఇచ్చినప్పుడు, తెలుగున ఆ గౌరవము ఆంధ్రుల సాంఘిక చరిత్రమునకు దక్కెను. దానిని అందుకొనుటకు గ్రంథకర్త జీవించి లేరు. 2025లో తెలంగాణ శాసనసభ తెలుగు విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టు చట్టము నామోదించినది.

విశ్వవిద్యాలయమునకు పేరు పెట్టుట ప్రభుత్వము చేయగల పని. మన యిండ్లలో వారి యలవాటు నిలుపుట మనమే చేయవలసిన పని. ఈ సభకు వచ్చిన యువకులను మేము కోరునది మూడు సంగతులు. వేదిక యెక్కుటకు ముందు, చెప్పబోవు విషయమున మీరు చేసిన పని యేదో మీలో మీరు ప్రశ్నించుకొనుడు. దినమునకు అరగంటయైనను ఒక్క పనికై కేటాయించి, తప్పక సాగింపుడు. మీ యూరి పెద్దల నోటనున్న సామెతను, ఆటను, వంటను, పనిముట్టు పేరును ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. నడిగడ్డలోను, దేవరకొండ గుట్టలలోను ఆ మాటలెఱిగిన వృద్ధులు నానాటికి తగ్గిపోవుచున్నారు. వారితోడనే ఆ మాటలును పోవుచున్నవి.

పోషక మహాశయులకును ఒక విన్నపము. ప్రతాపరెడ్డిగారికి అన్నమును, ఆశ్రయమును ఇచ్చుటతో తృప్తి కలుగలేదని పైన మనవి చేసితిమి. మనము కట్టు ప్రతి వసతిగృహమునందును ఒక మంచి గ్రంథాలయమును, నెలకొకసారి బాలురును బాలికలును నిర్భయముగా మాటాడు ఒక చిన్న సభను ఏర్పఱచినచో, మన ద్రవ్యము సద్వినియోగమగును. ఆ సభలో తడబడుచు నిలిచిన ఒక పల్లె బాలుడో బాలికయో రేపు మన మాటకు అధ్యక్షత వహింపవచ్చును.