నాదార్

నాదార్ (1820 ఏప్రిల్ - 1910 మార్చి) ఫ్రాన్సు దేశానికి చెందిన ఛాయాగ్రాహకుడు, వ్యంగ్య చిత్రకారుడు, పాత్రికేయుడు, బెలూను యాత్రికుడు. ఇతని అసలు పేరు గస్పార్ ఫెలిక్స్ టూర్నషాన్. 19వ శతాబ్దపు ప్యారిస్ రచయితల, కళాకారుల పోర్ట్రెయిట్లు తీసి ప్రసిద్ధి పొందాడు. విద్యుద్దీపపు వెలుగులో మనుషుల ఛాయాచిత్రాలు తీసిన తొలితరం వారిలో ఇతడు ఒకడు. ఆ తీక్షణమైన వెలుగును మెత్తబరచడానికి ఇతడు అనుసరించిన పద్ధతులలో, నేటి స్టూడియోలలో వాడే సాఫ్ట్‌బాక్స్ వెనుక ఉన్న సూత్రమే కనిపిస్తుంది.

తొలి జీవితం

నాదార్ ప్యారిస్‌లో జన్మించాడు. తండ్రి విక్టర్ టూర్నషాన్ ముద్రాపకుడు, పుస్తక విక్రేత. వ్యాపారం దెబ్బతిన్న తరువాత 1837లో తండ్రి మరణించాడు. లియోన్ నగరంలో ప్రారంభించిన వైద్య విద్యను డబ్బు లేక మధ్యలోనే విడిచిపెట్టి, నాదార్ పత్రికలకు వ్రాస్తూ జీవనం సాగించాడు. మాటల చివర "దార్" అని చేర్చి పలికే సరదా అలవాటు ఆనాటి మిత్రబృందంలో ఉండేది. ఆ విధంగా ఇంటిపేరు మారుతూ వచ్చి "నాదార్"గా స్థిరపడింది.

1848 నుండి ఇతని వ్యంగ్య చిత్రాలు ల షారివారి పత్రికలో వెలువడ్డాయి. 1854లో దాదాపు 250 మంది ప్రముఖులు ఊరేగింపుగా నడుస్తున్నట్లు గీసిన "పాంతెయాన్ నాదార్" అనే పెద్ద లితోగ్రాఫు ఇతనికి పేరు తెచ్చింది.

పోర్ట్రెయిట్ ఛాయాచిత్రాలు

1850ల మధ్యలో నాదార్ ప్యారిస్‌లోని సెయింట్ లజార్ వీధిలో స్టూడియో ప్రారంభించాడు. తమ్ముడు ఆద్రియన్ కూడా "నాదార్" పేరును వాడుకోవడంతో, ఆ పేరుపై హక్కు కోసం న్యాయస్థానానికి వెళ్ళి గెలిచాడు.

ఆ కాలపు స్టూడియోలలో చిత్రించిన తెరలు, స్తంభాలు, ఖరీదైన సామగ్రి పెట్టి చిత్రాలు తీయడం వాడుక. నాదార్ వాటిని వదిలి, సాదా తెర ముందు మనిషిని నిలిపి, ఒక పక్క నుండి పడే పగటి వెలుగుతో ముఖాన్ని చిత్రించాడు. కవి బోదిలేర్, చిత్రకారుడు దెలక్రువా, నవలా రచయిత్రి జార్జ్ సాండ్, నటి సారా బెర్నార్డ్ మొదలైనవారు ఇతని కెమెరా ముందు కూర్చున్నారు. 1885లో విక్టర్ హ్యూగో మరణశయ్యపై ఉన్న చిత్రాన్ని కూడా ఇతడే తీశాడు.

కృత్రిమ కాంతితో ప్రయోగాలు

పగటి వెలుగుపై ఆధారపడిన ఛాయాగ్రాహకులకు మబ్బు పట్టిన రోజులలోనూ, చలికాలపు సాయంత్రాలలోనూ పని సాగేది కాదు. ఈ ఇబ్బందిని తొలగించడానికి నాదార్ బున్సెన్ ఘటాలతో వెలిగే ఆర్క్ దీపాన్ని ఉపయోగించాడు. 1861లో కృత్రిమ కాంతితో ఛాయాగ్రహణానికి పేటెంటు పొందాడు. ఆనాటి కొలోడియన్ ఫలకాలు నీలి, అతినీలలోహిత కాంతులకే ఎక్కువగా స్పందించేవి. ఆర్క్ దీపంలో ఆ కాంతి పుష్కలంగా ఉండడం వలన ఈ పద్ధతి సాధ్యమైంది.

అయితే తొలి చిత్రాలు కఠినంగా వచ్చాయి. వెలుగు పడిన చోట ముఖం తెల్లగా పాలిపోగా, పడని చోట చిక్కని నలుపు ఏర్పడింది. దీపం చిన్న బిందువు వంటిది కావడమే దీనికి కారణం. కాంతి ఒకే బిందువు నుండి వస్తే నీడ అంచు పదునుగా ఉంటుంది. విశాలమైన తలం నుండి వస్తే అనేక దిశల నుండి ముఖాన్ని చేరి, వెలుగు నుండి నీడకు మార్పు క్రమంగా జరుగుతుంది. నాదార్ దీపానికి ముందు గరుకు గాజును ఉంచి కాంతిని వ్యాపింపజేశాడు. తెల్లని వస్త్రాలతోనూ, పెద్ద అద్దాలతోనూ కాంతిని నీడ పడిన భాగాలపైకి మళ్ళించాడు.

సాఫ్ట్‌బాక్స్‌లో కూడా ఇదే జరుగుతుంది. లోపలి వెండిరంగు లేదా తెల్లని గోడలు దీపకాంతిని పరావర్తనం చేయగా, ముందున్న తెల్లని వస్త్రం దానిని వ్యాపింపజేస్తుంది. పెట్టె ఎంత పెద్దదైతే, మనిషికి ఎంత దగ్గరగా ఉంటే, నీడలు అంత మెత్తగా పడతాయి. సాఫ్ట్‌బాక్స్ అనే పరికరం నాదార్ కాలానికి లేదు. కానీ అది పరిష్కరించే సమస్యను ఇతడు స్వయంగా ఎదుర్కొన్నాడు.

1860లలో నాదార్ ఈ దీపాలతో ప్యారిస్ భూగర్భ సమాధులలోనూ, మురుగు సొరంగాలలోనూ చిత్రాలు తీశాడు. ఒక్కొక్క చిత్రానికి 18 నిమిషాల వరకు పట్టేది. అంతసేపు మనుషులు కదలకుండా ఉండలేరు కనుక పనివారి స్థానంలో బొమ్మలను నిలబెట్టాడు.

ఆకాశయానం

1858లో నాదార్ ప్యారిస్ సమీపంలో బెలూను నుండి నేలను చిత్రించాడు. ఆ తొలి చిత్రం నేడు లభ్యం కాదు. 1863లో "ల జెయాన్" అనే భారీ బెలూనును నిర్మించాడు. అదే సంవత్సరం అది జర్మనీలోని హానోవర్ సమీపంలో ప్రమాదానికి గురికాగా నాదార్, అతని భార్య ఎర్నెస్టిన్ గాయపడ్డారు. జూల్స్ వెర్న్ తన చంద్రయాన నవలలోని ఆర్దాన్ పాత్రకు ఇతని పేరులోని అక్షరాలనే తారుమారు చేసి పేరు పెట్టాడు. 1870-71లో ప్రష్యా సేనలు ప్యారిస్‌ను ముట్టడించినపుడు, నగరం నుండి బెలూన్ల ద్వారా ఉత్తరాలు పంపే ఏర్పాట్లలో నాదార్ పాల్గొన్నాడు.

చివరి దశ

1874లో ఇంప్రెషనిస్టు చిత్రకారుల మొదటి ప్రదర్శన, కపుసిన్ బులెవార్డులో నాదార్ అంతకు ముందు నడిపిన స్టూడియోలో జరిగింది. 1886లో నూరేళ్ళ వయసున్న రసాయన శాస్త్రవేత్త షెవ్రల్‌తో నాదార్ సంభాషిస్తుండగా, కుమారుడు పాల్ ఆ దృశ్యాలను ఛాయాచిత్రాలుగా తీశాడు. ఇది తొలి సచిత్ర ముఖాముఖిగా పేరు పొందింది. తరువాత నాదార్ కొన్నేళ్ళు మార్సే నగరంలో నివసించాడు. 1900లో ఛాయాగ్రాహకునిగా తన అనుభవాలను పుస్తకంగా వెలువరించాడు. 1910లో ప్యారిస్‌లో మరణించాడు. ఇతని సమాధి పేర్ లాషేజ్ శ్మశానవాటికలో ఉంది.